నూరు రూపాయల కాయితం మీద ఇంత రాద్ధాంతమా?

"ఏందన్నా, బువ్వ వండెతందుకు గూడ లైసెన్సేంది? రేపు తినెతందుకు గూడ తీస్కోమంటరా?"

నల్గొండ ప్రకాశం బజార్‌లో లగ్గం సామాను చిట్టి చేతపట్టుకుని కిరాణా దుకాణం ముందు నిలబడ్డ వంటమాస్టరు ఈ మాట అంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. నవ్వి ఊరుకుంటే పోయేది. కానీ ఆ మాటనే కొంచెం ఇస్త్రీ చేసి సభల్లో నాయకులు అంటున్నారు. ఇంకొంచెం ఇంగ్లిష్ కలిపి హైదరాబాద్ మేధావులు అంటున్నారు. పిల్ల పెళ్లికి ప్లేటు రేటు బేరమాడే తండ్రి కూడా అదే అంటాడు. చిన్న కేటరింగ్ పెట్టుకుని బతికేవాళ్ల మీద లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు రుద్దడం వాళ్ల పొట్ట కొట్టడమేనని, ఇదంతా అధికారుల చేతివాటానికి తెరిచిన దుకాణమని, మన తాతలు ఏ కాయితం లేకుండానే వెయ్యి మందికి వండి వడ్డించారని ఊరూవాడా ఒకటే పాట. పేదవాడి పక్షాన మాట్లాడుతున్నట్టు ఉంటుంది కాబట్టి ఈ పాటకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. నేను చెప్పదలచుకున్నాను. ఈ వాదన పేద వంటమనిషి పక్షాన లేదు. వంటమనిషి పేరు ఎక్కడా రాసి ఉండకపోతే ఎవరికి లాభమో వాళ్ల పక్షాన ఉంది.

ముందు అసలు చట్టం ఏమడుగుతోందో చూద్దాం. తిట్టేవాళ్లలో చాలామంది దాన్ని తెరిచి చూసినట్టు లేదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని కింద లైసెన్సులు, రిజిస్ట్రేషన్ల నిబంధనలు 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆహార వ్యాపారం అంటే ఏమిటో చెప్పే చోటనే చట్టం కేటరింగ్ పేరు ఎత్తింది. లాభానికి చేసినా, లాభం లేకుండా చేసినా అందులోకే వస్తుంది. కాబట్టి "మాది హోటల్ కాదు కదా" అనే సాకు మొదటి పేజీలోనే పోయింది.

ఇక గీత ఎక్కడ గీశారు? 2011 నిబంధనల ప్రకారం ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు వ్యాపారం చేసేవాడికి లైసెన్సే అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ చాలు. దానికి రుసుము ఏడాదికి నూరు రూపాయలు. ఫొటో, ఆధార్, వంట చేసే చోటికి సంబంధించిన ఆధారం, ఒక దరఖాస్తు. ప్లేటు రెండొందల లెక్కన వేసుకుంటే 12 లక్షలంటే ఆరు వేల ప్లేట్లు. మూడొందల మంది తినే దావత్‌లు ఏడాదికి ఇరవై. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలు పట్టుకుని, మధ్యలో మూఢాలకు ఖాళీగా కూర్చునే చిన్న వంటబృందాలు చాలామటుకు ఈ గీత కిందనే ఉంటాయి. గీత దాటినవాడికి రాష్ట్ర లైసెన్సు. కేటరర్‌కు దాని రుసుము ఏడాదికి రెండు వేలు. పొట్ట కొట్టడం అని పేరుపెట్టిన పన్ను ఇది. నల్గొండలో ఒక్క మటన్ ప్లేటుకు చెప్పే రేటు పెట్టి ఏడాది రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు, చిల్లర మిగులుతుంది.

అయినా జనం భయపడేది ఆ నూరు రూపాయలకు కాదని నాకు తెలుసు. "ఒక్కసారి సర్కారు లెక్కల్ల పేరెక్కితే జీఎస్టీ పడతది, తెల్లకార్డు పోతది" అనేది అసలు భయం. ఈ భయాన్ని పెంచి పోషించేవాళ్లు కూడా ఉన్నారు. జీఎస్టీ వేరే చట్టం, వేరే గీత. సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటితేనే తెలంగాణలో రిజిస్ట్రేషన్ కావాలి. ఆహార భద్రత నంబరు తీసుకున్నంత మాత్రాన జీఎస్టీ నోటీసు ఇంటికి నడిచిరాదు. తెల్లకార్డు సంగతి కూడా అంతే. అది చూసేది కుటుంబం ఆదాయాన్ని. పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు హద్దు. వ్యాపారం మొత్తం వేరు, దాంట్లో కిరాణా, గ్యాస్, కూలీలు పోను చేతికి మిగిలేది వేరు. నిజంగానే ఆదాయం హద్దు దాటినవాడికి కార్డు పోతే దానికి కారణం ఈ కాయితం కాదు.

ఇప్పుడు తాతల వాదన. ఇది అన్నిటికంటే తీపిది కాబట్టి అన్నిటికంటే ప్రమాదకరమైంది. తాతలు వండారు, నిజమే. ఎట్లా వండారు? ఇంటి ముందు పందిరి పక్కన గాడిపొయ్యి తవ్వి, ఊరి బియ్యం, ఊరి పప్పు, ఆ పొద్దున్నే కోసిన మేక. దించిన గంజు దించినట్టే పంక్తిలోకి పోయేది. మోదుగాకు ఇస్తరిలో పొగలు కక్కే అన్నం పడేది. వండినవాడు ఎవరో, మేక ఎవరిదో, నీళ్లు ఏ బావివో తినేవాళ్లందరికీ తెలుసు. ఆ పద్ధతిలో వంటకూ తినడానికీ మధ్య గంట కూడా ఉండేది కాదు. కాయితం లేకపోయినా నడిచిందంటే కారణం ఆ దగ్గరతనం, ఆ వేడి. ఆ రెండూ ఇప్పుడు లేవు. పైగా తాతల కాలంలో పెళ్లి తర్వాత వాంతులు, విరేచనాలు పట్టుకుంటే దిష్టి అన్నారు, గాలి అన్నారు. లెక్క రాసినవాడు లేడు కాబట్టి జరగలేదని అనుకుంటున్నాం.

ఈ రోజు లగ్గం భోజనం ఎట్లా తయారవుతుందో ఏ ఫంక్షన్ హాలు వెనకవైపుకు వెళ్లినా కనిపిస్తుంది. ముందువైపు లైట్లు, పూల ఆర్చీ, పన్నీరు చల్లే బొమ్మ. వెనకవైపు రేకుల షెడ్డు. తెల్లవారుజామునే కోళ్ల సెంటర్ నుంచి వచ్చిన చికెన్ ప్లాస్టిక్ టబ్బుల్లో నేల మీద ఉంటుంది. అల్లం వెల్లుల్లి ముద్ద, కారం పట్టించి మూత లేకుండా వదిలేస్తారు. కోసిన కత్తి పీటతోనే పక్కన కీరదోస, ఉల్లిగడ్డ కోస్తుంటారు. బగారా అన్నం పదకొండింటికే దింపేస్తారు, ముహూర్తం పన్నెండుంబావుకు, ఫొటోలు అయ్యేసరికి రెండు. రెండో పంక్తి, మూడో పంక్తి, బ్యాండువాళ్లు, డ్రైవర్లు తినేసరికి నాలుగున్నర. అదే అన్నం, అదే కూర. దేవరకొండ దిక్కు ఏ తండాలోనో దావత్ అయితే నల్గొండలో వండి, స్టీలు డబ్బాల్లో నింపి, ట్రాలీ ఆటోలో రెండు గంటలు తోలుకుపోతారు.

ఆ రెండు గంటలూ కూర గోరువెచ్చగా ఉంటుంది. సూక్ష్మజీవికి దానికి మించిన పెళ్లి విందు లేదు. వండిన తిండి 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదంటే 5 డిగ్రీల కింద చల్లగా ఉండాలి. మధ్యలో ఉంటే పాడవుతుంది. వండిన అన్నంలో బతికే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడుకుకు చావవు. అన్నం గోరువెచ్చగా కూర్చున్నప్పుడు పెరిగి విషం వదులుతాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. చికెన్ కోసిన పీట మీద కీరదోస కోయకూడదనడం, వండినవాణ్ణి ఏడాదికోసారి డాక్టరుకు చూపించాలనడం, టైఫాయిడ్ టీకా వేయించాలనడం, మూతలు పెట్టాలనడం, ఇవీ నిబంధనల నాలుగో షెడ్యూల్లో ఉన్నవి. దీంట్లో పొట్టకొట్టే మాట ఎక్కడుంది? మా అమ్మమ్మ కూడా ఎంగిలి చేత్తో ఊరగాయ జాడీ ముట్టనిచ్చేది కాదు. ఆమెను ఎవరూ అధికారి అనలేదు.

నీళ్ల సంగతికి వస్తే, మిగతా జిల్లాలవాళ్లు ఏమన్నా అననీ, నల్గొండవాళ్లు మాత్రం నీటి పరీక్షను వెటకారం చేయకూడదు. వంటకు వాడే నీరు తాగునీటి ప్రమాణానికి సరిపోవాలని నిబంధన. ఆ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కులేనప్పుడు ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దిక్కున వంకర కాళ్లతో, బిగుసుకుపోయిన నడుములతో బతుకులు వెళ్లదీసిన తరాలను చూసినవాళ్లం మనం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ మన ఊరి పేరే పెట్టింది. ప్రపంచం దాన్ని నల్గొండ పద్ధతి అంటుంది. అలాంటి చోట ఊరి బయట ఫంక్షన్ హాలులో బోరు వేసి, ఆ నీటితోనే పప్పు ఉడికించి, తాగడానికి మాత్రం క్యాన్లు పెట్టి "మా దగ్గర ఆర్ఓ వాటరే" అంటారు. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు. నీరు ఆవిరై పోతుంటే మిగిలినదాంట్లో చిక్కబడుతుంది. ఒక్క పూట తిన్న చుట్టానికి ఏమీ కాదు, నిజమే. కానీ రోజూ ఆ వంటశాలలోనే తినే వంటవాళ్లకు, నెలల తరబడి కేటరింగ్ డబ్బా తెప్పించుకునే హాస్టల్ పిల్లలకు, ఆఫీసులకు? నీటి పరీక్ష కాయితం ఇక్కడ లాంఛనం ఎట్లా అవుతుంది?

"సరే, రాతలో బాగానే ఉంటది. వచ్చి సతాయించేది ఇన్స్పెక్టరే గదా?" ఇది బలమైన మాట, కొట్టిపారేయను. ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరిగిన జనం అనే మాట ఇది. కానీ దీని నుంచి తీసే తీర్పు తలకిందులుగా ఉంది. సతాయింపు ఎవరికి ఎక్కువ? చేతిలో కాయితం ఉన్నవాడికా, లేనివాడికా? నంబరు లేనివాడి తప్పు అడుగు పెట్టగానే దొరికింది. వాడితో మాట్లాడాల్సింది ఇక శుభ్రత గురించి కాదు, జేబు గురించి. నంబరు ఉన్నవాడి విషయంలో చట్టం అధికారి చేతులు కట్టింది. లోపం కనిపిస్తే ముందు సవరించుకోమని నోటీసు ఇవ్వాలి, అందులో పద్నాలుగు రోజులకు తక్కువ గడువు పెట్టకూడదు, అది 32వ సెక్షన్. కారణం లేకుండా సరుకు జప్తు చేసి వేధించే ఆహార భద్రత అధికారికే లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు, అది 39వ సెక్షన్.

ఇంకొకటి ఉంది, దాన్ని ప్రతి మండల ఆఫీసు గోడ మీద రాయించాలి. రిజిస్ట్రేషన్ దరఖాస్తు అందిన ఏడు రోజుల్లో అధికారి ఇవ్వాలి, లేదా కారణం రాసి కాదనాలి, లేదా తనిఖీకి వస్తానని చెప్పాలి. ఏడు రోజుల్లో ఇవేవీ చేయకపోయినా, ముప్పై రోజుల్లో ఏ నిర్ణయమూ తెలపకపోయినా దరఖాస్తుదారు వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చు. తర్వాత ఏమన్నా దిద్దుకోమంటే దిద్దుకోవాలి, అంతే. సర్కారు నిద్రపోతే సామాన్యుడి పని ఆగకూడదని రాసిన నిబంధనలు మన దేశంలో ఎన్ని ఉన్నాయి? ఇది చిన్నవాడి కోసం రాసింది. చిన్నవాడికే తెలియదు. ఆన్‌లైన్ సెంటర్‌లో కూర్చుని నూరు రూపాయల పనికి వేలు అడిగేవాడికి తెలిసినా చెప్పడు.

లైసెన్సు ఉన్నంత మాత్రాన తిండి శుభ్రమవుతుందా అని ఇంకొకరు అడుగుతారు. కాదు. 2024లో హైదరాబాద్‌లో ఆహార భద్రత టాస్క్‌ఫోర్స్ బృందాలు తిరిగినప్పుడు పేరున్న, లైసెన్సున్న హోటళ్ల వంటిళ్లలోనే గడువు తీరిన సరుకు, బొద్దింకలు దొరికాయి. అదే ఏడాది నవంబరులో పాత పాలమూరులోని ఇప్పటి నారాయణపేట జిల్లా మాగనూరు ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు వారం తిరక్కుండానే రెండుసార్లు ఆసుపత్రి పాలయ్యారు. సర్కారు బడి, సర్కారు పథకం, సర్కారు బియ్యం. కాబట్టి కాయితం గిన్నె తోమదు, ఒప్పుకున్నాను. కానీ ఈ ఉదాహరణలు ఏం రుజువు చేస్తున్నాయి? తనిఖీ సరిగ్గా లేదని. దీనికి మందు తనిఖీ పెంచడం. ఉన్న లెక్క కూడా చింపేయడం ఎట్లా మందవుతుంది?

లెక్కలో లేకపోతే ఏమవుతుందో కూడా ఆ ఏడాదే చూశాం. అక్టోబరు నెలాఖరులో బంజారాహిల్స్ నందినగర్‌లో మోమోలు తిని ఒక తల్లి చనిపోయింది, ఎందరో మంచాన పడ్డారు. అమ్మినవాళ్లకు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ లేదని తేలింది. ఎక్కడ తయారయ్యాయి, ఎవరు తయారుచేశారు అని వెతకడంతోనే అధికారులు మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ వెంటనే పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. రిజిస్ట్రేషన్ చేసే మొదటి పని ఇదే: ఏదన్నా జరిగినప్పుడు ఎక్కడికి పోవాలో, ఇంకెవరు తిన్నారో తెలుస్తుంది. తిన్నవాళ్లను త్వరగా వెతికి పట్టుకుంటే ప్రాణాలు నిలుస్తాయి.

నగరంలో ఇదే వాదన సూటు వేసుకుని వస్తుంది. లైసెన్స్ రాజ్ మళ్లీ వచ్చిందని, చిన్న ఉద్యమి గొంతు నులుముతున్నారని. చరిత్రను ఇట్లా కలగాపులగం చేయడం పద్ధతి కాదు. 1951 పరిశ్రమల చట్టం నుంచి 1991 సంస్కరణల దాకా నడిచిన లైసెన్స్ రాజ్‌లో సర్కారు ఎవరు పెట్టాలి, ఎన్ని పెట్టాలి, ఎంత ఉత్పత్తి చేయాలి అని నిర్ణయించేది. ఒకడికి ఇస్తే ఇంకొకడికి దక్కేది కాదు. అందుకే ఢిల్లీలో పైరవీలు. కేటరింగ్ రిజిస్ట్రేషన్‌కు కోటా ఉందా? మహబూబ్‌నగర్‌లో వందమందే వంట చేయాలని ఎవరన్నారా? వెయ్యి మంది దరఖాస్తు పెడితే వెయ్యి మందికీ ఇవ్వాల్సిందే. ఎవరినీ ఆపని, పేరు మాత్రమే అడిగే చట్టాన్ని ఆ రోజుల లైసెన్సుతో పోల్చడం అర్థశాస్త్రం చదివినవాళ్లు చేయాల్సిన పని కాదు.

అయితే సర్కారుకు నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. తిట్టాల్సినవి ఉన్నాయి, తిట్టేవాళ్లే వాటిని వదిలేశారు. మొదటిది, 2011 నిబంధనల్లోని చిన్న వ్యాపారి నిర్వచనమే మెలికతో ఉంది. మతపరమైన, సామాజిక కార్యక్రమాల్లో తిండి పంచేవాళ్లను చిన్నవాళ్ల జాబితాలో చేర్చి, అదే వాక్యంలో కేటరర్‌ను మినహాయించారు. కింది వాక్యంలో 12 లక్షల లోపు చిన్న ఆహార వ్యాపారాలన్నిటినీ మళ్లీ లోపలికి రానిచ్చారు. పై వాక్యం చదివిన ఒక అధికారి లైసెన్సే కావాలంటే, కింది వాక్యం చదివిన ఇంకొకరు రిజిస్ట్రేషన్ చాలంటే మధ్యలో నలిగేది ఇంటర్ దాకా చదివిన వంటమాస్టరు. ఈ రెండు వాక్యాలను సరిచేయడానికి పార్లమెంటు అక్కర్లేదు. రెండోది, కిటికీలు ఎక్కువ. ఆహార భద్రతకు ఒక పోర్టల్, పట్నంలో అయితే ట్రేడ్ లైసెన్సుకు మున్సిపల్ ఆఫీసు, పల్లెలో పంచాయతీ, కూలీలను పెడితే కార్మికశాఖ. చిన్న పరిశ్రమల ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఒక్కటే పైసా ఖర్చు లేకుండా ఇంట్లో కూర్చుని అయిపోతుంది. మూడోది, నమూనా పరీక్షకు పోవాలంటే నాచారంలోని రాష్ట్ర ప్రయోగశాలే దిక్కు. నల్గొండకూ మహబూబ్‌నగర్‌కూ సంచార ప్రయోగశాల బండి అప్పుడప్పుడు వచ్చిపోతే సరిపోదు.

నిజంగా జేబుకు చిల్లుపెట్టేది మాత్రం గ్యాస్. ఇంటి సిలిండర్ 14.2 కిలోలది, వాణిజ్య సిలిండర్ 19 కిలోలది. ఇంటి సిలిండర్‌ను వ్యాపారానికి వాడటం 2000 నాటి ఎల్‌పీజీ ఆర్డర్ ప్రకారం నేరం. రెండింటి ధరల మధ్య తేడా చూసి చుట్టాల పేరు మీది సిలిండర్లు తెచ్చి ఫంక్షన్ హాలు వెనక వరసగా నిలబెడతారు. ఒకచోట నూరు కిలోలు దాటి ఎల్‌పీజీ నిల్వ చేస్తే దానికి వేరే లైసెన్సు కావాలి. అంటే వాణిజ్య సిలిండర్లు ఐదు దాకా ఫరవాలేదు, ఆరోది వస్తే నిల్వ లైసెన్సు కావాలి. వెయ్యి మంది దావత్‌లో ఎన్ని నిలబడి ఉంటాయో మీరే లెక్కపెట్టండి. చిన్న కేటరర్ పక్షాన నిజంగా మాట్లాడేవాళ్లు వాణిజ్య గ్యాస్ ధర గురించి మాట్లాడాలి, రిజిస్టరైన చిన్నవాళ్లకు రాయితీ అడగాలి. నూరు రూపాయల కాయితం మీద కేకలు వేయడం సులువు, గ్యాస్ కంపెనీ మీద వేయడం కష్టం.

ఇక అందరూ మరిచిపోయే మనిషి ఒకడున్నాడు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, చేతికి పల్చటి గ్లవ్‌తో వడ్డించే కేటరింగ్ బాయ్. పగలు డిగ్రీ కాలేజీ, సీజన్‌లో సాయంత్రం దావత్. రాత్రి ఒంటిగంటకు గిన్నెలు సర్దాక చేతిలో పెట్టే రోజుకూలితో హాస్టల్ ఖర్చు వెళ్లదీసే పల్లెటూరి పిల్లవాడు. ఉడుకుతున్న సాంబారు కాలి మీద పడితే వాడి యజమాని ఎవరు? పిలిచిన పెళ్లివారా, వంటమాస్టరా, వాట్సాప్ గ్రూపులో "పది మంది బాయ్స్ కావాలె" అని పెట్టిన మధ్యవర్తా? ఎవరి పేరూ ఎక్కడా లేదు కాబట్టి ఎవరూ కాదు. కాయితాలు లేని స్వేచ్ఛ అంటే ఈ పిల్లవాడి కాలిన కాలికి జవాబుదారీ లేకపోవడం కూడా.

వంటమనిషి గతీ అంతే. మన దగ్గర వంట రెండు రకాలుగా మాట్లాడతారు. కూలి లెక్క అయితే సామాను పెళ్లివారిది, చేయి వంటమాస్టరుది. ప్లేటు లెక్క అయితే అంతా మాస్టరుదే. ఇప్పుడు మూడో రకం వచ్చింది. ఈవెంట్ మేనేజర్ ప్లేటుకు పెద్ద రేటు మాట్లాడి, బిల్లు మీద తన కంపెనీ పేరు వేసి, అసలు వంటను ఏ నకిరేకల్ నుంచో, జడ్చర్ల నుంచో వచ్చిన బృందానికి కూలి లెక్కన అప్పగిస్తాడు. కూర బాగుంటే పేరు ఈవెంట్‌ది. కడుపునొప్పి వస్తే తప్పు వంటోళ్లది. ఆ వంటోళ్లకు కాయితం లేకపోవడమే ఈ ఏర్పాటుకు పునాది. 2022 జనవరి నుంచి ఆహార వ్యాపారి తన పద్నాలుగు అంకెల నంబరును బిల్లు మీద వేయాలి. ఆ నంబరు వంటచేసే ఆమెదే అయితే రేపు వేరే ఇల్లు నేరుగా ఆమెకే ఫోన్ చేస్తుంది. కలెక్టరేట్ మీటింగుల భోజనాలు, ఆఫీసు క్యాంటీన్లు, ఆన్‌లైన్ యాప్‌లు కూడా ముందు అడిగేది ఆ నంబరే. 2024లో సచివాలయంలో ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు మొదలయ్యాక ఆ దారిలో నడుస్తున్న స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇది ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

కాయితం లేకపోతే కేసూ ఉండదనుకునేవాళ్లు ఒక సెక్షన్ చదవాలి, అరవై ఐదు. తిండి వల్ల మనిషి చనిపోతే కనీసం ఐదు లక్షలు, తీవ్రంగా దెబ్బతింటే మూడు లక్షల దాకా, మామూలు హాని అయితే లక్ష దాకా నష్టపరిహారం. లైసెన్సు లేదు కాబట్టి నాకు వర్తించదని ఎవరూ తప్పించుకోలేరు. తప్పించుకునే దారి ఒకటి చట్టంలోనే ఉంది. తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని చూపించగలిగితే 80వ సెక్షన్ అండగా నిలుస్తుంది. చూపించడానికి ఏం కావాలి? నీటి పరీక్ష చీటీ, వంటవాళ్ల డాక్టరు సర్టిఫికెట్లు, చికెన్ ఎక్కడ కొన్నారో చెప్పే బిల్లు. అంటే ఇన్నాళ్లూ ఎగతాళి చేసిన ఆ కాయితాలే.

జిల్లా కలెక్టర్లకు ఒక మాట. మాఘమాసం ముహూర్తాలు మొదలుకాకముందే ప్రతి మండల కేంద్రంలో ఒక రోజు శిబిరం పెట్టండి. ఆహార భద్రత అధికారి, నీటి పరీక్ష చేసేవాళ్లు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే వంటమాస్టర్ల పని పూటలో అయిపోతుంది. ఫంక్షన్ హాళ్ల యజమానులు నంబరు లేని వంటను తమ షెడ్డులోకి రానివ్వకుండా చేయండి. బోరు నీటి పరీక్ష వాళ్ల ఖర్చుతోనే చేయించండి.

పెళ్లి పెట్టుకున్న తల్లిదండ్రులకు ఇంకొక మాట. ప్లేటుకు పది రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడతారు. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ పద్నాలుగు అంకెలు అడగండి. లేదంటే తీసుకొచ్చాకనే అడ్వాన్సు అని చెప్పండి. ఏడు రోజుల పని, నూరు రూపాయల ఖర్చు.